పసుపు నీళ్ళలో నానిన వేర్లు

ఎల్బీనగర్‌లోని ఆ చిన్న ల్యాబులో పుష్పలతకు ఇరవై రెండేళ్ళ సర్వీసు. చెట్ల జబ్బులకు కారణమైన ఫంగస్‌ను పట్టుకోవడమే ఆమె పని. మొహమాటం ఎరగని మనిషి. తప్పుంటే ఎవరికైనా మొహం మీదే చెప్పేస్తుంది. అలాంటి మనిషి ఆ శనివారం రిపోర్టులో ఏం రాయాలో తేల్చుకోలేకపోయింది. ఫంగస్ పెరుగుతుందేమోనని వేరు ముక్కలు పెట్టిన నాలుగు గాజు ప్లేట్లలోనూ ఏమీ మొలవలేదు.

ఆ వేర్లు అరుణమ్మవి. అబ్దుల్లాపూర్‌మెట్ దాటాక ఆమె పామాయిల్ తోట ఉంది. భర్త పోయాక తానే దగ్గరుండి నాటించిన తోట. అందులో పదకొండు చెట్లు మట్టలు వాల్చేశాయి. జబ్బేమిటో వచ్చే శుక్రవారంలోగా తేలకపోతే తోటంతా పీకించి ప్లాట్లు చేస్తానని కొడుకు నవీన్ జేసీబీ కూడా మాట్లాడేశాడు.

"ఫంగస్ లేదని రాసేయండమ్మా. ఇంకెన్నాళ్ళు చూస్తాం?" అన్నాడు ల్యాబు యజమాని రామస్వామి.

పుష్పలత సంతకం పెట్టబోయి ఆగింది. మిగిలిన వేర్ల సంచీ విప్పి వాసన చూసింది. ఖర్మ కాకపోతే, వేర్లకు వంటింటి వాసనేమిటి? వెంటనే అరుణమ్మకు ఫోన్ చేసింది.

"అమ్మా, వేర్లకు ఏమన్న పూసినవా?"

"మట్టితోని ఎట్లిస్త బిడ్డా? మంచిగ కడిగి, రాత్రంత పసుపు నీళ్ళల్ల నానవెట్టిన. బస్సుల కుళ్ళొద్దని."

పుష్పలత తల పట్టుకుంది. పసుపు తగిలాక ఫంగస్ ఏం మొలుస్తుంది? దొంగను ఆ తల్లే దాచిపెట్టింది. కోపం రావాల్సిన చోట జాలేసింది.

మర్నాడు ఆదివారం. ఏనాడూ చర్చిలో ఆరాధన మానని మనిషి, దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సెక్కి తోటకు వెళ్ళింది. జబ్బుచెట్ల మొదళ్ళలో తానే ఉలితో చెక్కి ముక్కలు తెచ్చింది. సోమవారం ఏమీ లేదు. మంగళవారమూ లేదు. ఆమెకు అన్నం సహించలేదు. బుధవారం ఒక ప్లేటులో దూదిలాంటి తెల్లమచ్చ కనబడింది. గురువారం సాయంత్రం మైక్రోస్కోపు కింద పెడితే సన్నటి పోగులు, కణుపుల దగ్గర చిన్న చిన్న కొక్కేలు. కుళ్ళిన మొదలూ, ఈ కొక్కేలూ కలిపి చూస్తే ఇక అనుమానం లేదు. గానోడెర్మా, పామాయిల్ చెట్టు మొదలును కుళ్ళబెట్టే ఫంగస్.

వెంటనే అరుణమ్మకు ఫోన్ కలిపింది.

"దొరికిందమ్మా. ఆ పదకొండు దక్కయి, వేర్లతోని సహా తీసి కాలవెట్టాలె. వాటి చుట్టూ లోతుగ కందకం కొట్టిస్తే మిగిలినయి కాపాడుకోవచ్చు. నవీన్‌కు చెప్పు."

అరుణమ్మ అంతా విని అడిగింది.

"నేను పసుపు పెట్టకుంటే ముందే దొరుకుతుండెనా?"

"వారం ముందు దొరుకుతుండె," అంది పుష్పలత. అబద్ధమాడడం చేతకాలేదు.

శుక్రవారం తొమ్మిదింటికి ఫోన్ మోగింది. అరుణమ్మ గొంతు వెనక జేసీబీ రొద. పుష్పలత కుర్చీలోంచి లేచింది.

"ఏం తవ్వుతున్నరమ్మా?"

"ఇంకా తవ్వలేదు బిడ్డా. కందకానికి నవీనే ముగ్గు పోసిండు." అంది అరుణమ్మ. "జేసీబీకి పసుపు పెట్టవోతే ఆగమన్నడు. ముందుగల నిన్ను అడగాల్నంట. పెట్టొచ్చునా?"

"పెట్టమ్మా," అంది పుష్పలత, కళ్ళు తుడుచుకుంటూ.