అర్దళం గురించి నేను చెప్పిన సగం నిజం

నిన్న ఉదయం కాఫీ గ్లాసు చేతిలో ఉండగా మా ఊరి వాట్సాప్ గ్రూపులో మెసేజ్ చూశాను. పుత్తూరు మునిరత్నం పోయాడట.

గ్లాసు కింద పెట్టాను. మళ్లీ తీయలేదు.

అప్పటినుంచి మావాళ్లు "మహా కళాకారుడు" అని పోస్టులు పెడుతూనే ఉన్నారు. అయ్యా, నలభై ఏళ్లు ఏ నాటకానికీ అతణ్ణి పిలవనిది మీరే కదా?

మీ చేత ఆ పని చేయించినవాణ్ణి నేను. అందుకే ఇది రాస్తున్నాను.

ఇద్దరం ఒకే బెంచీ మీద చదివాం. అతను ఎనిమిదో తరగతితో చదువు ఆపి, వీధినాటకాల్లో ముఖాలకు రంగు వేసేవాడు. నేను తిరుపతిలో కెమిస్ట్రీ లెక్చరర్ని అయ్యాను.

రాజు వేషానికి అర్దళం పూసేవాడు. అదొక పసుపుపచ్చ రాయి. నూరి కొబ్బరినూనెలో కలిపితే ముఖం బంగారంలా మెరిసేది. నూరేటప్పుడు దగ్గర్లో బీడీ కూడా వెలిగించనిచ్చేవాడు కాదు. ఒకసారి తోటి లెక్చరర్లతో నాటకానికి వెళ్తే, అక్కడా అదే హెచ్చరిక.

"ఆ పెట్రోమాక్స్ అట్ల జరపండప్పా. దీనికి నిప్పు తగిలితే తెల్లపాషాణం అవతాది, పానాలు తీసే విసం. రాయి వేరు, పాషాణం వేరు."

"రెండూ ఆర్సెనిక్కేరా, ఎనిమిదో క్లాసు సైంటిస్టూ!" అన్నాను.

"బియ్యమూ సారాయీ ఒగటేనా అప్పా? రెండూ గింజలోంచి వచ్చేవే గదా!"

అందరూ నవ్వారు. నాతో వచ్చిన లెక్చరర్లు కూడా. ఆ నవ్వు నాకు గుచ్చుకుంది.

అది ఎనభై ఒకటో, ఎనభై రెండో సంవత్సరం. రాజు వేషం కట్టిన చెంగల్రాయుడు మరునాడు వాంతులతో చిత్తూరు ఆసుపత్రిలో చేరాడు. బతికాడు. టెస్టులో ఆర్సెనిక్ ఉందన్నారు.

ఊరివాళ్లు నన్ను పిలిపించారు.

"సారూ, మీరు సదువుకున్నోళ్లు. ఆ రంగులో ఆర్సెనిక్ ఉండాదా, లేదా?"

మునిరత్నం నా వైపే చూస్తున్నాడు.

"ఉంది," అన్నాను.

అంతే. అబద్ధం కాదు. సగం నిజం.

మిగతా సగం ఇది. అర్దళంలో ఆర్సెనిక్‌ను గంధకం గట్టిగా పట్టుకుని ఉంటుంది. సరిగా కరగదు, ఒంట్లోకి తక్కువే దిగుతుంది. అలాగని మంచిదేమీ కాదు. కానీ తెల్లపాషాణం కరిగి కణంలోకి జొరబడుతుంది, అక్కడి ఎంజైములను పట్టుకుని కణం ఊపిరి ఆపేస్తుంది. ఆర్సెనిక్‌దే ఇంకో రూపం, ఒంటికి కావాల్సిన ఫాస్ఫేట్ వేషం కట్టి మెల్లగా దూరుతుంది. సముద్రపు చేపల్లో ఉండేది దాదాపు ఏ హానీ చేయకుండా మూత్రంలో పోతుంది.

పేరొకటే. పనులు వేరు. మునిరత్నం చెప్పిందీ అదే.

వారం తర్వాత చెంగల్రాయుడి భార్య నా దగ్గరికి వచ్చింది.

"ఉబ్బసానికని సంతలో పాషాణం మాత్రలు కొని మింగతా ఉండాడు సార్. ఆ పొద్దు రెండు ఎక్కువేసుకున్నాడు."

"ఎవరితోనూ అనొద్దమ్మా," అన్నాను.

పదిమందిలో అన్న మాట వెనక్కి తీసుకుంటే నా చదువు చిన్నబోతుందనుకున్నాను.

మునిరత్నం రంగుల పెట్టె అటకెక్కింది. చిత్తూరు మండీలో మామిడికాయల బుట్టలు మోశాడు. ఒకసారి అక్కడే ఎదురుపడ్డాడు. బుట్టలోంచి మంచి పండు ఏరి నా చేతిలో పెట్టాడు.

"తినప్పా. దీనికి నేను రంగెయ్యలేదులే."

తీసుకున్నాను. తిన్నాను. అప్పుడూ చెప్పలేదు.

తప్పు నీ రంగుది కాదు, మునిరత్నం. ఈ మాట నువ్వు వినేటప్పుడు అనాల్సింది.

ఇక నెమ్మదిగా పడుకో అప్పా. నీకు శాంతి దొరకాలి. నాకు అక్కర్లేదు.