సైకిలుకు ఆది

లూదియా కుట్టిన ఏ జాకెట్టునైనా తిరగేసి చూడండి, కుట్టు వెంబడి రెండు వేళ్ల వెడల్పు గుడ్డ లోపలికి మడిచి ఉంటుంది. నంద్యాలలో ఆమె దగ్గర కుట్టించుకునే ఆడవాళ్లకు ఆ మడత మీద ఎంతో నమ్మకం. పెళ్లినాటి జాకెట్టు ఇద్దరు పిల్లల తల్లి అయ్యాక కూడా పట్టిందంటే దాని చలవే. "గుడ్డ ఎక్కువుంటే లోపల దాచొచ్చు. తక్కువైతే యాడినుంచి తెస్తాం?" అనేది లూదియా. అందుకే ఏది కత్తిరించినా కాస్త పెద్దదిగానే కత్తిరించేది. మిషను ముందు కూర్చున్నన్నాళ్లూ ఆ లెక్క ఆమెను ఒక్కసారీ మోసం చేయలేదు. మోసం చేసింది సైకిలు దగ్గర.

లూదియా పొడుగు మనిషి. చర్చిలో ఆమె లేచి నిలబడి పాట అందుకుంటే వెనక వరసలకు పాస్టరు కనబడడు. ఇంటి నుంచి కొట్టుకు సైకిలు మీదే పోయి వచ్చేది. ఊళ్లో పొద్దున్నే సైకిళ్లు తొక్కే జట్టు ఒకటి మొదలైతే అందులో చేరిన మొదటి ఆడమనిషి ఆమె. అప్పటికి ఆమెకు నలభై దాటాయి. అత్త హన్నమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, "మనవడికి సైకిలు నేర్పించే వయసులో నువ్వు నేర్చుకుంటాండావేందే!" అంది. "నేర్చుకునేదేముందత్తా, తొక్కతాండా," అంది లూదియా.

చర్చి వెనక పాత బంగళా షెడ్డును కూలగొట్టినప్పుడు అందులోంచి రెండు సైకిళ్లు బయటపడ్డాయి. ఎప్పుడో ఇక్కడి బడిలో పనిచేసి వెళ్లిపోయిన విదేశీ దంపతులవి. కొండదారుల్లో తొక్కడానికి చేసిన రకం. లావు టైర్లు, గట్టి ఉక్కు ఫ్రేములు, పైపైన తుప్పు. మొగుడిది పెద్దది, పెళ్లానిది చిన్నది. కావాలన్నవాళ్లు తీసుకోవచ్చన్నారు. పాత ఇనుము ఎత్తుకుపోవడానికి ఆళ్లగడ్డ నుంచి వచ్చిన సైకిలు మెకానిక్కు అమానుల్లా ఒకటి అడిగాడు, లూదియా ఒకటి అడిగింది. ముందు ఎంచుకోమని ఆమెకే చెప్పారు.

"పెద్దదే తీసుకోమ్మా," అన్నాడు అమానుల్లా. "చిన్నదాని మీద నువ్వు కూచుంటే సర్కస్ మాదిరి ఉంటాది."

"నేనూ అదే అనుకుంటాండా అన్నా. పెద్దదైతే మనకు కావాల్సినట్ల తగ్గించుకోవచ్చు గదా."

చిన్నది అమానుల్లా ఆటో మీదెక్కి ఆళ్లగడ్డ పోయింది. పెద్దది లూదియా వాకిట్లో నిలబడింది.

దానికి ఉన్న తిన్నటి హ్యాండిల్ ఆమెకు పడలేదు. రోజంతా కత్తెర పట్టిన మణికట్టు, అరచేతులు కిందికి అదిమి పట్టుకుంటే తిమ్మిరెక్కేది. జట్టును నడిపే బ్యాంకు కుర్రాడు వినీత్ వంపు హ్యాండిల్ బిగించుకోమన్నాడు. ముందుకు సాగి కిందికి వంగి వెనక్కి తిరిగే హ్యాండిల్ అది. చేటతో బియ్యం చెరిగేటప్పుడు పట్టుకున్నట్టు రెండు అరచేతులూ ఎదురెదురుగా ఉంటాయి, మణికట్టుకు హాయి. గాలి ఎదురైతే కింది వంపు పట్టుకుని తల దించుకుని పోవచ్చు. అమానుల్లా ఒకటి వెతికి తెచ్చి బిగించాడు.

"ఇదేందే, సైకిలుకు పొట్టేలు కొమ్ములు మొలిచినాయి!" అంది హన్నమ్మ.

ఆ కొమ్ముల సైకిలు మీద లూదియా పోయినేడు పంద్రాగస్టు సవారీకి బయల్దేరింది. నంద్యాల నుంచి ఆళ్లగడ్డ, అక్కడి నుంచి రుద్రవరం, మళ్లీ వెనక్కి. సాయంత్రం లోపల కాలేజీ మైదానం చేరుకోవాలి. మణికట్టు నిజంగానే నొయ్యలేదు. కానీ హ్యాండిల్ అందుకోవడానికి ఆమె అటక మీది డబ్బా కోసం చేతులు చాచినట్టు చాచవలసి వచ్చింది. ఆళ్లగడ్డ చేరేసరికి భుజాలు బిగుసుకున్నాయి. రుద్రవరంలో మెడ పక్కకు తిరగడం మానేసింది. తిరుగుదారిలో శిరివెళ్ల దగ్గర దిగి, రోడ్డు పక్కన కూలబడింది. అలసిపోయినవాళ్ల కోసం జట్టు వెనకే వస్తున్న వ్యాను ఆమెనూ సైకిలునూ ఎక్కించుకుంది. అరటిపండ్ల గెలల మధ్య చోటు చూపించాడు డ్రైవరు.

అదైనా ఎవరి కంటా పడకుండా ఉంటే బాగుండేది. ఆమె భర్త ప్రభాకర్ ఆర్టీసీ కండక్టరు, అదే రోడ్డు మీద తిరిగే బస్సు. బస్సు వ్యానును దాటిపోతూంటే కిటికీలోంచి ఆయన చూశాడు. రాత్రి ఇంటికొచ్చి చెప్పులు విడుస్తూనే, "అరటిపండ్లు డజను ఎట్లమ్మే?" అన్నాడు.

నవ్వులాటకే అన్నాడు. లూదియా కూడా నవ్వింది. కానీ హన్నమ్మ ఆ మాటను వీధి చివరిదాకా మోసుకుపోయింది. కొట్టుకు జాకెట్టు ఇవ్వడానికి వచ్చినవాళ్లు ముందు నవ్వి, తర్వాత కొలతలు చెప్పేవారు. వచ్చే పంద్రాగస్టుకు వ్యాను ఎక్కకుండా తిరిగి రావాలి. ఆ ఏడాదంతా లూదియాకు అదొక్కటే పట్టింపు.

ముందు తనకు తెలిసిన పని చేసింది. పెద్దదాన్ని తగ్గించింది. హ్యాండిల్‌ను పట్టి ఉంచే మెడను తీసేసి పొట్టిది వేయించింది. సైకిలు నిలకడ తప్పి, తాగినవాడిలా అటూ ఇటూ తూలింది. సీటును ముందుకు జరిపింది. చేతులు అందాయి గానీ మోకాళ్లు పట్టేశాయి. ఇంకేం తగ్గించాలో తెలియలేదు. "నీకు వయసైంది, సైకిలుకు కాదు," అంది హన్నమ్మ. లూదియాకు కూడా కొన్నాళ్లు అదే నిజమేమో అనిపించింది.

జూన్లో ఒక మధ్యాహ్నం డిగ్రీ చదివే సిరి కొత్త గుడ్డ పట్టుకుని కొట్టుకు వచ్చింది. కొలతలకు ఆదిగా తన పాత జాకెట్టు ఒకటి ఇచ్చింది. పాతదానికి పొట్టి చేతులు, వెడల్పు మెడ. కొత్తదానికి గొంతు దాకా మెడ, మణికట్టు దాకా చేతులు కావాలంది.

"ఈ ఆదితో ఆ జాకెట్టు ఎట్ల కుడతాననుకున్నావ్?" అని కసిరింది లూదియా. "కొలతలు నీవే గావచ్చు. తీరు మారితే ఆది కూడా మారాల. దీన్ని పెట్టి దాన్ని కత్తిరిస్తే నీకు చేతులు పైకి లేయవు."

అని, అక్కడే ఆగిపోయింది. చాక్ ముక్క చేతిలోనే ఉంది.

"ఏమైందాంటీ?" అంది సిరి.

"టేపు పట్టుకోని బయటికి రా."

వాకిట్లో సైకిలు నిలబడి ఉంది. సీటు నుంచి తిన్నటి హ్యాండిల్ ఉండే చోటికి కొలిచింది. తర్వాత వంపు హ్యాండిల్ మీద చెయ్యి ఆనే చోటికి కొలిచింది. చెయ్యి ఆనే చోటు ఇంచుమించు జానెడు ముందుకు పోయింది. ఈ పెద్ద సైకిలును తిన్నటి హ్యాండిల్‌కు తగ్గట్టు చేశారు. తను ఆ ఆదితోనే వంపు హ్యాండిల్ తొడిగింది.

లోపలికి వచ్చి మిషను ముందు కూర్చుంది. పొద్దస్తమానం కూర్చున్నా నడుముగానీ మెడగానీ నొప్పెట్టని చోటు లోకంలో ఆమెకు అదొక్కటే. స్టూలు నుంచి తన చేతులు ఆనే చోటికి సిరి చేత కొలిపించింది. ఇది తన ఒంటికి అసలు ఆది. సైకిలు దీనికంటే చాలా పొడుగు.

మరి పొడుగు మనిషికి పొడుగు సైకిలు సరిపోదా? సరిపోదని తన జాకెట్టే ఎన్నోసార్లు చెప్పింది. లూదియా ఎత్తంతా కాళ్లలో ఉంది. నడుము పైన ఆమె అందరిలాంటిదే. పక్కింటావిడకు పట్టినంత గుడ్డే తన జాకెట్టుకూ పడుతుంది. ఆ సంగతి గుడ్డ దగ్గర గుర్తుండి, ఇనుము దగ్గర మరిచిపోయింది.

ఇంకొకటి కూడా అప్పుడే తెలిసింది. సీటు గొట్టాన్ని పైకి లాగొచ్చు, హ్యాండిల్ మెడను పైకి లేపొచ్చు. పొట్టి సైకిలును ఎత్తు చెయ్యడానికి దారి ఉంది. కానీ సీటుకూ హ్యాండిల్‌కూ మధ్య సాగే పై కమ్మీ ఎంత పొడుగున చేశారో అంతే. దాన్ని లోపలికి మడవలేం. గుడ్డలో పెద్దది తీసుకుని తగ్గించుకోవాలి. ఈ కొమ్ముల సైకిలుకు చిన్నది తీసుకుని పెంచుకోవాలి. ఇన్నాళ్లూ లెక్కను తలకిందులుగా పట్టుకుంది.

"అయితే నా జాకెట్టు?" అంది సిరి.

"కొత్తగా కొలతలు తీసుకుంటా. నిలబడు."

మరుసటి రోజు పెద్ద సైకిలును ప్రభాకర్ బస్సు మీద వేయించి ఆళ్లగడ్డలో దిగింది. చిన్నది అమానుల్లా కొట్టు పక్కనే ఉంది. వెనక క్యారియరుకు పచ్చి ఆకు మోపు కట్టి ఉంది. మేకలకు మేత తేవడానికి వాడుతున్నాడు.

"పెద్దది నీకు, చిన్నది నాకు. మార్చుకుందామన్నా."

అమానుల్లా పానా కింద పెట్టాడు. "ఎండ దెబ్బ గాని తగిలిందామ్మా? అది నీకు మోకాళ్ల కాడికి వస్తాది."

"మోకాళ్ల సంగతి నేను సూసుకుంటా. నువ్వు పొడుగు సీటు గొట్టం ఒకటి ఎతుకు. హ్యాండిల్‌కు ఎత్తు మెడ కూడా ఉండాల."

"ఇనుము దండగ," అంటూనే పాత సామాను కుప్ప తిరగేశాడు. గొట్టం దొరికింది, మెడ దొరికింది. ఆకు మోపు దించి, కొమ్ములు ఇటు మార్చి బిగించాడు. తీరా చూస్తే సైకిలు కింద పొట్టిగా, పైన సీటు కొంగ మెడలా నిక్కి ఉంది. బస్టాండు దగ్గర టీ తాగుతున్నవాళ్లంతా గ్లాసులతో సహా చుట్టూ చేరారు.

"అక్కా, ఆ పైనుంచి నంద్యాల కనపడతాండాదా?" అని ఒకడు అరిచాడు.

"కనపడతాండాదప్పా. ఏ పనీ లేకుండా కూచున్న నీ మాదిరోళ్లు కూడా కనపడతాండారు," అని లూదియా కాలు అవతల వేసింది.

తొక్కుతూ నాలుగడుగులు పోగానే నవ్వులు ఆమెకు వినిపించడం మానేశాయి. చేతులు చాచలేదు. మిషను మీది గుడ్డ మీద వాలినట్టు వాటంతట అవే హ్యాండిల్ మీద వాలాయి. మోచేతులు కొద్దిగా వంగి, భుజాలు కిందికి దిగాయి. విగ్రహాలు చెక్కే కొట్ల దాకా పోయి, రాతిపొడిలో చక్రాల గుర్తులు వేసి, కింది వంపు పట్టుకుని తిరిగి వచ్చింది.

అమానుల్లా ఆమెను కాదు, ఆమె మోచేతులను చూస్తున్నాడు. "మనమిద్దరం అప్పుడు ఎత్తు సూసినామమ్మా," అన్నాడు. "పొడుగు సూసుకోలేదు."

"నీకు పెద్దది బాగుంటాదన్నా. తిన్న హ్యాండిల్ ఏసుకో."

బస్సు బయల్దేరేటప్పుడు సైకిలు పైకెక్కిస్తూ ప్రభాకర్, క్యారియరుకు అంటుకున్న పచ్చి ఆకు చూసి, "ఇది మేకదా, మనిషిదా? ఏ టికెట్టు కొట్టాల?" అన్నాడు.

పంద్రాగస్టు నాడు మబ్బు పట్టింది. మైదానంలో జెండా ఎగరేసి జట్టు కదిలింది. కొంగ సీటు చూసి నవ్వినవాళ్లు నవ్వారు. లూదియా ఆళ్లగడ్డలో ఉగ్గాని తిని, మిరపకాయ బజ్జీ కాగితంలో చుట్టుకుని, రుద్రవరం చేరి, అక్కడ దిగి మెడను ఒకసారి అటూ ఇటూ తిప్పి చూసుకుంది. తిరిగింది.

తిరుగుదారిలో గాలి లేచింది. చేలల్లో జొన్న అంతా ఒక పక్కకు వాలిపోయింది. కుర్రాళ్ల సైకిళ్లు ఒక్కొక్కటే నెమ్మదించాయి. లూదియా కింది వంపు పట్టుకుని, వీపు వంచి, గడ్డం దించుకుంది. గాలి ఆమె మీదుగా పోయింది. కాళ్లు తిరుగుతున్నాయి, అంతే.

"అక్కా, రొంచేపు మీ ఎనక వస్తా," అన్నాడు వినీత్ రొప్పుతూ.

"రా నాయనా."

కాసేపటికి తల తిప్పి చూస్తే వినీత్ వెనక మరొకరు, ఆయన వెనక ఇంకొకరు. పొడుగు మనిషి వీపు చాటున గాలి తప్పించుకుంటూ తోకలా సాగుతున్నారు. చర్చిలో తన వెనక నిలబడడానికి విసుక్కునే జనం గుర్తొచ్చి లూదియాకు నవ్వొచ్చింది.

శిరివెళ్ల దాటుతూండగా వ్యాను పక్కకు వచ్చింది. అదే డ్రైవరు. "ఏమక్కా, చోటుండాది."

"ఎనకాల ఎవురన్నా పడిపోయినారేమో సూడుపో," అంది, తొక్కడం ఆపకుండా.

ఆ తర్వాత బస్సు హారను. బస్సు వేగం తగ్గించి ఆమె పక్కనే నడిచింది. ప్రభాకర్ తలుపు దగ్గర కమ్మీ పట్టుకుని బయటికి వేలాడుతున్నాడు. లోపల ఎవరో ఆడమనిషి, "ఎవురప్పా ఆయమ్మ, అంతమందిని ఎంటేసుకోని పోతాండాది?" అని అడగడం లూదియాకు వినబడింది.

"నా పెండ్లాం!" అని ప్రభాకర్ బస్సంతా అదిరేలా అరిచాడు. "నా పెండ్లామమ్మా ఆమె!" బస్సు దాటిపోయాక కూడా కిటికీల్లోంచి చేతులు ఊగుతూనే ఉన్నాయి.

మైదానంలో హన్నమ్మ కుర్చీ వేయించుకుని కూర్చుంది. ముందు వ్యాను వస్తుందేమోనని రోడ్డు వంక చూస్తోంది. వ్యాను రాలేదు. కొంగ సీటు వచ్చింది, వెనక తోకతో సహా. హన్నమ్మ లేచి నిలబడింది. పక్కన ఎవరో, "ముందున్నది మీ కోడలే గదూ," అంటే, "ఇంకెవురుంటారు?" అంది, ఏడాది పొడుగునా అదే చెప్తున్నట్టు.

లూదియా దిగి నీళ్లు తాగింది. అత్త దగ్గరికొచ్చి కోడలి మెడ మీద చెయ్యి వేసి నొక్కి చూసింది.

"నొస్తాందా?"

"లేదత్తా."

"కాళ్లు?"

"కాళ్లు నొస్తాండాయి."

"అంత దూరం పోతే నొయ్యవా మరి! ఉండు, ఆటో పిలుస్తా. సైకిలు ఎనక ఏసుకుందాం."

"ఆటోలో నువ్వు రా అత్తా," అని లూదియా ముఖం తుడుచుకుంది. కాలు అవతల వేసి, ఎత్తైన ఆ సీటు మీద కూర్చుని, ఇంటి దారి పట్టింది.