నాయకత్వం గడిలో నేను రాసినది

స్టాటిస్టిక్స్‌లో మాస్టర్స్ అయ్యాక ఒక అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు ఆఫీసులో చేరాను. మొదటి రెండేళ్ళూ నా పని అంకెలతోనే. మూడో ఏడు మా బాస్ పిలిచి, "చేతి బలం, పరుగు వేగం అందరూ కొలుస్తారు. ఓడిపోతున్నప్పుడు మిగతా పదిమంది ఒక ఆటగాడి మాట వింటారా లేదా, నాకది కావాలి. నువ్వు మనుషుల చేత మాట్లాడించగలవు" అన్నాడు.

ఆ ఏడాది మాకు క్వార్టర్‌బ్యాక్ కావాలి. బంతి మొదట అందుకుని, ఎటు విసరాలో నిర్ణయించి, జట్టును నడిపించేవాడు. కాలేజీల్లో ఆడినవాళ్ళను జట్లు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌కు ముందు, ఇద్దరిని ఒక హోటల్ గదికి పిలిపించాం. మొదటివాడు లోపలికి వస్తూనే అందరితో చేయి కలిపాడు, వెళ్ళేటప్పుడు అందరినీ పేరుపేరునా పలకరించాడు. రెండోవాడు కుర్చీ అంచున కూర్చుని, అడిగిన ప్రతిదానికీ రెండు ముక్కల్లో జవాబిచ్చాడు. అతను వెళ్ళాక బాస్ పెన్ను కింద పడేశాడు.

"వీడి నోట్లో నాలుక ఉందా? కానీ వీడి ఆట చూస్తే వదలబుద్ధి కావడం లేదు. నువ్వు వాళ్ళ కాలేజీకి వెళ్ళి కనుక్కునిరా."

అక్కడ నాతో మనసు విప్పి మాట్లాడినవాడు ఒక్కడే. బంతిని అతని చేతికి అందించే సెంటర్, నాలుగేళ్ళుగా అతని రూమ్మేట్. పాన్‌కేక్‌ల హోటల్లో ప్లేటు ముట్టకుండా గంటసేపు చెప్పాడు. ఈ సెంటర్ వాళ్ళ నాన్న పోయినప్పుడు ఆ క్వార్టర్‌బ్యాక్ వారం రోజులు పక్కనే ఉన్నాడట, ఓదార్పు మాట ఒక్కటీ అనకుండా. తర్వాత గొంతు తగ్గించాడు.

"పోయిన సీజన్ చివరి మ్యాచ్‌లో తలకు గట్టిగా తగిలింది మేడమ్. లేచాడు. తర్వాత ఏ ఎత్తు ఆడాలో కోచ్ సైగలు చేస్తున్నాడు, వాడికి అర్థం కావడం లేదు. నా చెవిలో అడిగాడు, 'ఏం ఆడాలి' అని. నేను చెప్తే అదే పైకి అరిచాడు. మ్యాచ్ అయ్యేదాకా అంతే. గెలిచాం."

"డాక్టర్‌కి తెలుసా?"

"లేదు. మర్నాడు వాడికి ఆ మ్యాచే గుర్తులేదు. మీరు ఎక్కడా చెప్పరుగా?"

చెప్పనన్నాను.

ఆ వారం రిపోర్టు రాశాను. నాయకత్వం అన్న గడిలో, 'మాటలు తక్కువ. జట్టు ఇతని కోసం ఏమైనా చేస్తుంది. దెబ్బ తగిలినా మైదానం వదలడు' అని పెట్టాను. ఒక్క అబద్ధం లేదు. అప్పట్లో నాతో ఉండే అమ్మాయిది కరీంనగర్, రిహాబ్ సెంటర్‌లో ఫిజియోథెరపిస్ట్. భోజనం దగ్గర ఆమెకు ఇదంతా చెప్పాను.

"మరి యాది లేని సంగతి ఎందుకు రాయలే?" అంది.

"మెడికల్ టీమ్ వేరే ఉంది. స్కాన్‌లు అన్నీ వాళ్ళు చేస్తారు."

"వాళ్ళకు తెల్వదు. నీకు తెలుసు."

"నమ్మి చెప్పాడు. ఎలా రాస్తాను?"

"నమ్మి చెప్పిండని కాదు. అది రాస్తే నీ రిపోర్ట్ ఖరాబైతదని."

ఆ నెలలోనే నా హెచ్‌వన్ వీసా కాగితాల మీద బాస్ సంతకం చేయాల్సి ఉంది. ఆ కుర్రాడు నేను కనిపెట్టిన మనిషిగా నిలబడాలని కూడా నాకు బలంగా ఉండేది.

డ్రాఫ్ట్ రోజు బాస్ నా మూడు వాక్యాలనూ గదిలో పైకి చదివాడు. అతన్నే తీసుకున్నాం. అందరూ చప్పట్లు కొట్టారు, ఎవరో నా భుజం తట్టారు. టీవీలో అతను తల్లిని పట్టుకుని ఏడుస్తున్నాడు.

మొదటి సీజన్ బాగా ఆడాడు. రెండో సీజన్ మధ్యలో ఒకరోజు తలకు తగిలి కిందపడి లేచి, ఎదుటి జట్టు గుంపు దగ్గరికి నడిచి వెళ్ళి వాళ్ళ మధ్య నిలబడ్డాడు. వాళ్ళలో ఒకడు మెల్లగా చేయి పట్టుకుని మా వైపు తిప్పాడు. స్టేడియంలో నవ్వారు. నేను పైన గాజు గదిలో కూర్చుని ఉన్నాను, నా పక్కన బాస్ ఉన్నాడు. అప్పుడైనా చెప్పలేదు. డాక్టర్లు నాలుగు వారాలు కూర్చోబెట్టారు, మళ్ళీ దిగాడు, మళ్ళీ తగిలింది. ఆ సీజన్ ముగియకుండానే ఇక ఆడకూడదని తేల్చారు. అప్పటికి అతనికి ఇరవై నాలుగేళ్ళు.

ఆ తర్వాత బాస్ గదికి వెళ్ళి మొత్తం చెప్పాను.

"నువ్వది రాసి ఉంటే మేం తీసుకునేవాళ్ళం కాదు. ఇంకో జట్టు తీసుకునేది. నీ రిపోర్ట్‌లో తప్పేం లేదు" అని, బాస్ వచ్చే ఏడాది పేర్ల జాబితా నా ముందుకు జరిపాడు.

ఆ కుర్రాడు తన సామాను తీసుకుపోవడానికి వచ్చిన రోజు క్యాంటీన్‌లో కనిపించాడు. లోపల కూడా నల్లకళ్ళద్దాలు తీయలేదు. వెలుతురు పడడం లేదన్నాడు. ఎదురుగా కూర్చుని, నాకు ముందే తెలుసునని చెప్పాను.

"తెలుసు. నా రూమ్మేట్ ఆ రోజే ఫోన్ చేసి అంతా చెప్పేశానని ఏడ్చాడు. మీ జట్టు నన్ను తీసుకోగానే మీరది రాయలేదని అర్థమై ఇద్దరం గెంతులేశాం" అన్నాడు. ఒక మాట కోసం కాసేపు వెతుక్కున్నాడు. "మీకు థాంక్స్ చెప్పాలని ఎప్పటినుంచో అనుకుంటున్నాను."

నేను లేవబోతే అతను ఆపాడు.

"మా తమ్ముడు వచ్చే ఏడాది డ్రాఫ్ట్‌కి వస్తున్నాడు. వాడూ పెద్దగా మాట్లాడడు. వాడి గురించి కూడా అలాగే రాస్తారా?"

"రాయను" అన్నాను. నేను సరదాకి అంటున్నాననుకుని నవ్వాడు.

ఆ నెలాఖరుకు ఉద్యోగం మానేశాను. వీసా గడువు తీరేలోగా అరోరా అనే ఊళ్ళో ఒక ఇన్సూరెన్స్ కంపెనీలో పని దొరికింది. మరుసటి ఏడు అతని తమ్ముణ్ణి ఇంకో జట్టు ఎంచుకుంది. ఆ అబ్బాయి గురించి ఎవరు వెళ్ళి కనుక్కున్నారో, వాళ్ళకు ఎవరు ఏం చెప్పారో నాకు తెలియదు.