ఓబీ గుట్ట మీద జాగ

నా షీట్లలో మనుషులు ఉండరని కాలేజీలో అందరికీ తెలుసు. నేలను కోసి చూపించినట్టు గీసే బొమ్మల్లో చెట్ల పక్కన మావాళ్ళు చిన్న చిన్న మనుషుల్ని అతికిస్తారు. బెలూను పట్టుకున్న పిల్ల, కుక్కతో నడిచే పెద్దాయన. నేను చెట్లు గీసి ఆపేస్తాను. ఆర్కిటెక్చర్ చివరి ఏడాది ప్రాజెక్టుకు శ్రీరాంపూర్ దగ్గరి ఓబీ గుట్టను ఎంచుకున్నప్పుడు మా సార్ షీటు మీద పెన్సిల్ ఆనించి అదే అడిగారు.

"ఇక్కడికి ఎవరొస్తారమ్మా?"

"ఎవరూ రారు సార్."

"మరి ఎవరి కోసం డిజైన్ చేస్తావు? సెలవుల తర్వాత చెప్పు. లేకపోతే వేరే సైటు చూసుకో."

ఓబీ అంటే ఓవర్‌బర్డెన్, గనిలో బొగ్గు మీదుండే మట్టి. దాన్నంతా తవ్వి పక్కన పోయగా పోయగా పెరిగింది ఈ గుట్ట. నస్పూర్‌లో మా డాబా ఎక్కితే కనిపిస్తుంది. దాని మీద దేవుడు లేడు, దానికో కథ లేదు. వేరే సైటు నాకు వద్దు. ఎందుకని అడిగితే సార్‌కు చెప్పగలిగే కారణం కూడా నా దగ్గర లేదు. డైరీలో మాత్రం రాసుకున్నాను, నేను పుట్టాక పుట్టిన గుట్ట అదొక్కటే అని.

సెలవుల్లో ఇంటికొచ్చి రోజూ అక్కడికి వెళ్ళేదాన్ని. "ఆ మట్టికుప్ప కాడ ఏమున్నదే? పిస్స లేసిందా నీకు?" అనేది అవ్వ, టిఫిన్ డబ్బా చేతికిస్తూనే. వానలకు గుట్ట మీద గడ్డి మొలిచింది. గాలి తప్ప పలకరించేవాళ్ళు లేరు. నాకు అదే నయం అనిపించేది, సాయంత్రం దిగేటప్పుడు మాత్రం కాదు.

మా పుస్తకాల్లో ఒక వాదన ఉంటుంది. కొలవగలిగేది స్పేస్. దానికి మనిషి బతుకు అంటుకుంటే ప్లేస్ అవుతుంది. దాన్ని తెలుగులో రాసుకోబోయి స్థలం, ప్రదేశం, చోటు అని రాసి మూడూ కొట్టేశాను. మా ఇంట్లో ఉన్నది ఒకటే మాట, జాగ. బస్సులో జరిగి ఇచ్చేది జాగ. ఇల్లు కట్టుకునేది జాగ. బియ్యం డబ్బా పెట్టడానికి అవ్వ వెతికేదీ జాగే. ల్యాండ్‌స్కేప్‌ను ప్రకృతి దృశ్యం అంటారు. దృశ్యానికి దూరంగా నిలబడి చూసే కళ్ళుంటే చాలు. జాగకు కూర్చునే ఒళ్ళు కావాలి. ఇది రాసుకున్న రోజు గొప్పగా అనిపించింది. చెప్పడానికి పక్కన ఎవరూ లేరు.

గుట్ట కింద ఒకామె మేకలు మేపుతుండేది. ఆమెను పలకరించాలని ఇంట్లో అద్దం ముందు ప్రశ్న వల్లె వేసుకున్నాను. ఒకరోజు టేపుతో కొలుస్తూ ఆమె దగ్గరిదాకా వచ్చి, ఎలాగో అడిగేశాను.

"అత్తా, ఈ జాగ నీకెట్ల అనిపిస్తది?"

ఆమె నా టేపు వైపు చూసింది. "ఇస్తున్నరా?"

"ఏంది?"

"ఇండ్ల జాగలే. కొలుస్తున్నవ్ గద."

"లేదత్తా, నేను చదువుకుంటున్న."

"ఆఁ, ముందుగాల అందరు గట్లనే అంటరు."

మర్నాడు పొద్దున మేకలామె వెంట గుట్ట మీదికి ఆడవాళ్ళు వచ్చారు. గని కోసం ఊరు ఖాళీ చేసి, రోడ్డవతలి కాలనీలో ఉంటున్నవాళ్ళు. చేతుల్లో ఆధార్ జిరాక్సులు.

"బిడ్డా, నా పేరు ముందుగాల రాస్కో. ఇద్దరు కోడండ్లు, ఒక్కటే పొయ్యి," అంది ఆయాసపడుతూ ఒకామె.

"నీ కోడండ్లకు జాగ కాదు, నీ నోటికి తాళం గావాలె," అంది వెనకామె. అందరూ నవ్వారు.

ఆ నవ్వులో నా మాట ఎవరికీ వినపడలేదు. మళ్ళీ చెప్పాను. "జాగలు ఇస్తలేరు. కాలేజీల బొమ్మ గియ్యాలె, గంతే."

నవ్వు ఆగింది. "నీకన్న నీ మేకలు నయం," అని ఎవరో మేకలామెను దెప్పారు. నా చేతిలో టేపు ఎక్కడ దాచాలో తెలియలేదు.

వాళ్ళు వెంటనే దిగిపోతారనుకున్నాను. అంత ఎత్తు ఎక్కినందుకేమో, గట్టులా ఉన్నచోట కూలబడ్డారు. ఇన్నేళ్ళలో ఎవరూ ఆ గుట్ట ఎక్కలేదట. ఎదురుగా గని మొత్తం తెరుచుకుని ఉంది.

"గా నీళ్ళు నిలిచిన కాడ గదనే మనూరు?"

"కాదే, గింకా గిటు. గా డంపర్ తిరుగుతున్నది సూడు, గక్కడ మా ఇల్లుండె."

"మీ ఇల్లు గక్కడుంటే మా చేదబాయి యాడికి పోయింది మరి?"

వేళ్ళు చాపి చాలాసేపు తగువులాడుకున్నారు. తేల్చడానికి కింద ఒక్క గుర్తూ లేదు. కోడళ్ళ సంగతి చెప్పినామె ఉన్నట్టుండి నా వైపు తిరిగి, కొంచెం జరిగింది.

"నిలవడ్డవేంది? కూసో. జాగున్నది గద."

చివరన కూర్చున్నాను. నా పేరు ఎవరూ అడగలేదు. దిగేటప్పుడు మాత్రం ఆమె వెనక్కి తిరిగి, "ఇస్తే జర మాకు జెప్పు, బిడ్డా," అంది. తర్వాతి రోజుల్లోనూ వెళ్ళాను. ఎవరూ రాలేదు. మేకలామె కూడా మేకల్ని అవతలి వైపుకి తోలుకుపోయింది.

సెలవుల తర్వాత నా షీటులో మనుషులున్నారు. గట్టు మీద వరుసగా, మనకు వీపు చూపిస్తూ, గని వైపు తిరిగి కూర్చున్నారు. చివర ఒకరు పట్టేంత ఖాళీ.

"వీళ్ళు రోజూ వస్తారా?" అన్నారు సార్.

"ఒక్కసారే వచ్చారు సార్." ఎందుకొచ్చారో కూడా చెప్పాను. కాలేజీలో నేను ఒక్క ఊపున అంతసేపు మాట్లాడటం అదే మొదలు.

"అయితే ఏం డిజైన్ చేస్తావు?"

"ఎక్కడానికి దారి సార్. కూర్చోవడానికి గట్టు. గని వైపు చెట్లు వద్దు, కనిపించాలి."

"సైటు ఉంచుకో," అన్నారు సార్.

దారి గీశాను, గట్టు గీశాను. నాకు మార్కులు కూడా బాగానే వచ్చాయి. ఇప్పటికీ ఇంటికి వెళ్ళేటప్పుడు బస్సు ఆ కాలనీ ముందు ఆగితే కిటికీ వైపు నుంచి తల తిప్పుకుంటాను. కోడళ్ళ కోసం ఆమె అడిగిన జాగ నా షీటులో ఎక్కడా లేదు.