చెదలు తిన్న ఆఖరి పేజీ

పోయిన మంగళవారం మా మాస్టారు పోయారు. క్లాంగ్ పట్నంలో ఆఫీసులో ఉండగా కబురు వాట్సాప్‌లో వచ్చింది, అదీ తమిళంలో. కంగారులో నేనూ తమిళంలోనే జవాబిచ్చాను. ఆయన చూసుంటే చెవి మెలిపెట్టేవారు.

తాతల కాలంలో సముద్రం దాటొచ్చిన తెలుగువాళ్ళున్న మా ఊరు బటాంగ్ బెర్జుంటైలో ఆయన పామాయిల్ మిల్లులో బాయిలర్ పనివాడు. ఆదివారం ఉదయం మాత్రం రామమందిరం వెనక షెడ్డులో మాకు తెలుగు మాస్టారు. పుస్తకం ఒక్కటే, అందులో కథలు రెండు. మొదటిదాంట్లో రైతు అమ్మేసిన ముసలి ఎద్దు తనే ఇల్లు వెతుక్కుంటూ వచ్చేస్తుంది. రెండోదాంట్లో పడవవాడు వరదలో మంత్రసాని కోసం అవతలి ఒడ్డుకు వెళ్తాడు. భార్య లాంతరు పట్టుకుని ఎదురుచూస్తుంది. ఆపైన పేజీ లేదు. చెదలు తినేశాయట. పడవవాడు తిరిగొచ్చి చేపలకూర తిన్నాడని మాస్టారే నోటితో చెప్పేవారు.

రెండు కథలనూ పోల్చడానికి బోర్డు మీద మూడు గడులు గీసేవారు: మనుషులు, చోటు, ముగింపు. ఏటా అవే కథలు, అదే పోలిక. ఎద్దును ఎన్నడూ చూడని మాకు అది మాట వినే లారీ అని చెప్పారు. పడవకు ఇంజిన్ లేదేమని అడిగితే పెట్రోలు అయిపోయిందన్నారు. రైతు గొప్పా, పడవవాడు గొప్పా అని వాదన పెట్టి, ఓడినవాళ్ళకు కూర కూరిన కజ్జికాయలాంటి కరిపాప్ కొనిచ్చేవారు. అందుకని సగం వాదనలో అందరం ఎదుటివాడే రైటని ఒప్పేసుకునేవాళ్ళం. ముగింపు గడిలో మాత్రం అందరిదీ ఒకటే మాట: రెండు కథల్లోనూ పోయినవాళ్ళు తిరిగొచ్చారు.

రెండేళ్ళ కిందట విశాఖపట్నంలో అదే పుస్తకం కొత్త అచ్చు దొరికింది. ఆఖరి పేజీలో ఒడ్డుకు ఖాళీ పడవ ఒక్కటే వచ్చింది. ఆయన్ని పట్టేశానన్న గర్వంతో తీసుకెళ్ళి చూపించాను. మాస్టారు అట్ట కూడా తెరవకుండా, ఈ ఊరి అలవాటుగా మాట చివర 'లా' తగిలించి చెప్పారు.

"ఆ పేజీ నానే సింపినాను. మొదటేడు సదివితే పిల్లలు ఏడిసినారు. పై ఆదివారం ఒక్కడూ రానేదు. క్లాసుకి పిల్లలొద్దేటి లా?"

మరి నిజం సంగతేమిటన్నాను.

"సదవడం వచ్చినాక ఆళ్ళే తెలుసుకుంటారు. నువ్వు తెలుసుకోనేదేటి?"

ఈ ఆదివారం క్లాసు నా నెత్తిన పడింది. ఉన్నది ఎనిమిది మంది. వాళ్ళూ రాకపోతే మూసేయడమే. గురువుగారికి గౌరవమంటే నిజం చెప్పడమేనని దారంతా అనుకుంటూ వచ్చాను. కథలో భార్య లాంతరు పట్టుకున్న చోటికి వచ్చేసరికి పుస్తకం మూసేశాను. నాకు ఆయన మీద బెంగగా ఉంది, అంతే. మిగతాది చెదలు తినేశాయన్నాను.

ముందు వరుసలో పిల్ల ప్లాస్టిక్ అట్ట వేసిన నా పుస్తకాన్ని ఎగాదిగా చూసింది. "కొత్త బుక్కుకి సెదలేటి సార్?"

"ఇక్కడి సెదలు అలాటివే లా," అన్నాను.

పిల్ల నమ్మలేదు గాని, సుద్దముక్క తీసుకుని లేచింది. బోర్డు మీద గడులు పోయిన వారం మాస్టారు గీసినవే, ఎవరూ చెరపలేదు. 'ముగింపు' అని ఆయన రాసినదాని కింద వంకరటింకరగా రాసింది: ఎద్దు వచ్చింది. పడవవాడు వచ్చాడు.