ప్లగ్గు బాబాయి గురువారాలు

చక్కగా పనిచేస్తున్న వస్తువు కంటబడితే చాలు, ప్లగ్గు బాబాయికి చేతులు దురద పెట్టేవి. దాని ప్లగ్గు పీకి, ఏమవుతుందో చూస్తేగాని ఆయనకు కాఫీ సయించేది కాదు.

ఆయన ఒక పెద్దాసుపత్రిలో డేటాబేసు అధికారి. రోగుల వివరాలన్నీ ఉండే సర్వర్లు రెండు. ఒకటి పనిచేస్తుంటే రెండోది సెకనుకోసారి "ఉన్నావా?" అని పలకరిస్తూ కూర్చుంటుంది. జవాబు రాకపోతే పని తనే అందుకుంటుంది. అందుకుంటుందో లేదో తేల్చడానికి ప్రతి సోమవారం పదకొండింటికి, ఓపీ కిటకిటలాడుతుండగా, బాబాయి మొదటిదాని ప్లగ్గు పీకేవాడు.

"పనిచేస్తోంది కదా బాబాయ్ గారూ, ఎందుకు దాన్ని కెలకడం?" అని గోలపెట్టేది ఆయన కింద ఒప్పందం మీద పనిచేసే టెంపరరీ మేడం.

"పనిచేస్తోందని ఎవరు చెప్పారమ్మా? పడిపోనిచ్చి చూడు, అప్పుడు చెప్తా."

ఇంట్లోనూ ఇదే వరస. భోజనాల మధ్యలో మెయిన్ స్విచ్చి ఆపి ఇన్వర్టరును పరీక్షించేవాడు. చుట్టాలు చీకట్లో పప్పనుకుని మంచినీళ్లలో చెయ్యి ముంచేవారు.

"రెండు పొయ్యిలు, రెండు ఫ్రిజ్జులు, రెండు కళ్లజోళ్లు! ఇక నాకూ రెండోదాన్ని తెస్తారేమిటి?" అని బాబాయి భార్య దులిపేసేది.

"నిన్ను పరీక్షించే ధైర్యం మాత్రం నాకు లేదే," అనేవాడు బాబాయి, వినయంగా.

టెంపరరీ మేడం నలభై దాటాక మళ్లీ ఉద్యోగంలో చేరిన మనిషి. భర్త పనిచేసే ఫ్యాక్టరీ మూతపడింది; ఇల్లు ఆవిడ మీదే నడుస్తోంది. ఒప్పందం ఇంకో రెండు నెలల్లో ముగుస్తుంది. రెండు మెషిన్లకి ఇద్దరు మనుషులెందుకని డైరెక్టరుగారు అప్పుడే సణుగుతున్నారు.

"నా గురించి ఒక్క మాట చెప్పండి బాబాయ్ గారూ," అని బతిమాలింది.

"చూద్దాంలే," అన్నాడాయన. చూడ్డం మాట అటుంచి, ఆ వారం నుంచి ప్రతి గురువారం మాయమవడం మొదలుపెట్టాడు. ఫోన్ చేస్తే స్విచ్చాఫ్. ఆవిడకి ఒళ్లు మండిపోయింది.

మూడో గురువారం మొదటి సర్వరు నిజంగానే పడిపోయింది. రెండోది లేచింది గాని, డేటాబేసు సగంలో మొరాయించింది. ఓపీ కౌంటర్లు ఆగిపోయాయి. మేడం బాబాయిని నోరారా తిట్టుకుంటూనే నాలుగు నిమిషాల్లో దాన్ని నిలబెట్టింది. ఆ సంగతి తన పేరుతోనే రిజిస్టరులో రాసింది.

ఆరో గురువారం దాటాక బాబాయి ఆవిణ్ని వెంటబెట్టుకుని డైరెక్టరుగారి గదిలోకి వెళ్లాడు.

"సార్, ఆరు గురువారాలుగా నేను డ్యూటీలో లేను. మీకు తెలుసా?"

"తెలీదే!"

"ఎందుకు తెలుస్తుంది? ఈవిడ ఉందిగా." రిజిస్టరు తెరిచి ముందు పెట్టాడు.

"అంటే ఆరు రోజులు పని ఎగ్గొట్టారా?"

"లేదండీ. నా ప్లగ్గు నేనే పీక్కుని చూశాను."

డైరెక్టరుగారు ఆయనకి ఆరు సెలవులు కోశారు. రిజిస్టరు రెండుసార్లు చదివి, మేడం ఉద్యోగం ఖాయం చేస్తూ సంతకం పెట్టారు.

వరండాలోకి వచ్చాక మేడం చేతులు జోడించింది. "మీ మేలు ఈ జన్మలో మర్చిపోను బాబాయ్ గారూ. కానీ ఆ రోజు నా వల్ల కాకపోయుంటే?"

బాబాయి గోడ మీది గడియారం వైపు చూశాడు. పక్కన నిలబడ్డ సర్వర్ల గది వాచ్‌మన్ ఇక ఉగ్గబట్టుకోలేకపోయాడు.

"ఈయన ఎక్కడికి పోయాడమ్మా? ఆరు గురువారాలూ గది వెనకాల నా స్టూలు మీదే కూర్చున్నాడు. టీ కూడా ముట్టలేదు. ఆ మూడో వారమైతే, 'లోపల అమ్మాయి అరిచిందా, అరిచిందా?' అని నా ప్రాణం తోడేశాడు!"

బాబాయి చెవులు ఎర్రబడ్డాయి.

"నీ మీద నమ్మకం లేక కాదమ్మా," అన్నాడు గొణుగుతూ. "మనిషిని ఒంటరిగా వదిలెయ్యడానికి, నువ్వేమన్నా ఫ్రిజ్జువా?"