మేత ముట్టని ఫైటర్

చౌడేశ్వరి ఇంట్లోకి చేప వచ్చిందంటే భవానీపురంలో ఆ వీధివాళ్ళెవరూ నమ్మలేదు. గుమ్మంలో పిల్లి కూర్చుంటేనే చీపురు తీసే మనిషి మరి. పొద్దున పదింటికి వన్ టౌన్‌లో చీరల కొట్టుకెళ్తుంది. వచ్చినవాళ్ళు విప్పి పోసిన చీరలన్నీ సాయంత్రం దాకా మడతలు పెడుతుంది. ఇంటికొచ్చి టీవీ పెట్టుకుంటుంది. చూడటానికి కాదు, ఇంట్లో ఏదో ఒక గొంతు వినపడాలని.

మొగుడు భావనారాయణ పోయి అప్పటికి ఎనిమిది నెలలు. పిల్లల్లేరు. కొరివి పెట్టింది, పదోరోజు పిండం పెట్టింది మరిది ఉమామహేశే. అతనికి వన్ టౌన్‌లోనే చేపల కొట్టుంది. కూర చేపలు కాదండోయ్, గాజు తొట్లలో పెంచుకునేవి. వదిన ఒక్కతే గోడలు చూస్తూ కూర్చుంటోందని ఓ ఆదివారం చిన్న ట్యాంకు, గులకరాళ్ళు, ఓ మొక్క, ఓ ఫైటర్ చేపని తెచ్చి హాల్లో బల్ల మీద పెట్టాడు. నీలం చేప, తోక చీర కుచ్చిళ్ళలాగా పరుచుకుని భలే ఉంది.

వెళ్తూ వెళ్తూ అన్నీ చెప్పాడు. కొత్త చోటు కదా, మూడు నాలుగు రోజులు తినకపోవచ్చు. ఓ మూల దాక్కుంటుంది. లైటు వెయ్యొద్దు, గాజు మీద తట్టొద్దు. రోజుకి రెండు మేత గింజలు వెయ్యి, తినకపోతే తీసెయ్యి, అంతే అన్నాడు. ఆవిడ అన్నిటికీ ఊఁ కొట్టింది.

మొదటి రోజు చేప మొక్క వెనక్కి పోయి కదల్లేదు. ఆ నీలమంతా వెలిసిపోయి, నానబెట్టిన గుడ్డలాగా అయింది. రెండో రోజు అడుగున గులకరాళ్ళ మీద ఓ పక్కకి ఒరిగి పడుకుంది. పోయిందనుకుని దగ్గరికెళ్తే, లేచి పైకొచ్చి ఓ గుక్క గాలి మింగి, మళ్ళీ పోయి అలాగే పడుకుంది. వేసిన గింజలు వేసినట్టే తేలుతున్నాయి. చౌడేశ్వరి టీ వడకట్టే జల్లెడతో వాటిని తీసేసింది. మూడో రోజూ అంతే.

నాలుగో రోజు పొద్దున ఏడింటికి, కిటికీలోంచి ఎండ ట్యాంకు మీద పడే వేళకి, ఆ చేప విసురుగా ముందుకొచ్చింది. తలకి రెండు పక్కలా మొప్పలు గడ్డంలాగా విచ్చుకున్నాయి, రెక్కలన్నీ నిక్కబొడుచుకున్నాయి. ఆవిణ్ణి చూసి కాదు, ఆవిడ భుజం మీదుగా ఇంకెవర్నో చూసి ఉరుముతున్నట్టుంది. వెనక్కి తిరిగి చూసింది. గోడ, గోడకి దండేసిన భావనారాయణ ఫొటో.

బతికున్నన్నాళ్ళూ ఏడింటికే ఆయన చీర నెయ్యడానికి మగ్గం గుంటలోకి దిగేవాడు.

పదోరోజు కృష్ణ ఒడ్డున జరిగిందంతా కళ్ళ ముందుకొచ్చింది. ఆకులో ముద్ద పెట్టి, అందరూ పక్కకి తప్పుకుని గంటన్నర నిలబడ్డారు. చుట్టూ ఎన్ని కాకులో. ఒక్కటీ ముట్టలేదు. పోయినవాళ్ళకి ఏదో కోరిక మిగిలిపోతే ముట్టవని, తలా ఒకటి ఒప్పుకోవడం మొదలెట్టారు. వదినని నేను చూసుకుంటా అన్నయ్యా అన్నాడు ఉమామహేశ్. నీ పేరున అన్నదానం చేయిస్తాం అన్నారు చుట్టాలు. రాలేదు. చివరికి ముద్ద తీసి నీళ్ళలో వదిలేశారు. ఏం ఒప్పుకుంటే కాకి వస్తుందో అక్కడ చౌడేశ్వరికొక్కదానికే తెలుసు. అంతమందిలో నోరు పెగల్లేదు.

తెలిసింది ఇదీ. మంగళగిరిలో సొంతిల్లు, ముందుగదిలో గుంట మగ్గం. ఆయనకి మోకాళ్ళు వాచిపోయి, గుంటలో కూర్చోవద్దని డాక్టరు చెప్పాడు. ఆయన వినలేదు. చీరాలలో పెళ్ళికని రెండ్రోజులు వెళ్తే, ఆ రెండ్రోజుల్లో ఈవిడ మగ్గం విప్పించి, గుంట మట్టేసి పూడ్పించి, పైన టైల్సు పరిపించేసింది. ఆయనొచ్చి, చెప్పులు విప్పకుండా గుమ్మంలో నిలబడి చూశాడు. ఏమీ అనలేదు. ఆ రోజు నుంచి పంతొమ్మిది రోజులు ఇద్దరి మధ్యా మాట లేదు. ఇరవయ్యో రోజు పొద్దున కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. ఆ తర్వాత ఆ టైల్సు మీద కాలు పెట్టలేక ఇంటికి తాళమేసి, భవానీపురం వచ్చి అద్దెకుంటోంది.

అయిదో రోజూ చేప తినలేదు. ఏడింటికి మళ్ళీ మొప్పలు విప్పింది. ఆరో రోజు చౌడేశ్వరి స్నానం చేసి, గుప్పెడన్నం వండి, నువ్వులు కలిపి ముద్ద చేసి, దణ్ణం పెట్టుకుని ట్యాంకులో వేసి కొట్టుకెళ్ళిపోయింది.

సాయంత్రం వచ్చేసరికి నీళ్ళు గంజిలాగా ఉన్నాయి. చేప పైకొచ్చి నోరు తెరిచి గాలికి కొట్టుకుంటోంది. మరిదికి ఫోన్ చేసింది. ఇంకోసారి చంపేశాను ఉమా, అంది.

ఉమామహేశ్ స్కూటరేసుకుని పది నిమిషాల్లో వచ్చాడు. చేపని మగ్గులోకి తీసి, రాళ్ళు కడిగి, బకెట్లో పట్టి ఉంచిన నీళ్ళు పోశాడు. పాత నీళ్ళు పారబోయబోతే వాటిలో నువ్వులు కనపడ్డాయి. ఏం వేశావు వదినా అని అడిగాడు. అప్పుడు చెప్పింది, మొత్తం.

అతను మగ్గులోంచి చేపని మళ్ళీ ట్యాంకులోకి వదిలాడు. తర్వాత మెల్లిగా అన్నాడు.

"ఎండ పడితే గాజు అద్దమవుద్ది వదినా. దాని మొహం దానికే కనపడి, ఇంకో మగచేప అనుకుని మీదికెళ్ళింది. అంతకంటే ఏం లేదు."

"మరి కాకి ఏం చూసిందిరా?"

అతను ట్యాంకుకి ఎండ పడే పక్కన ఓ కాగితం అంటించి, ఇవాళ ఏమీ వెయ్యొద్దు, రేపు ఒక్క గింజ చాలని చెప్పి వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున ఒక్క గింజ వేసి, ఆవిడ ట్యాంకు ముందు కూర్చుని, ఎనిమిది నెలలుగా గొంతులో ఉన్నది బయటికి అనేసింది.

"గుంట పూడ్పించింది నీ మోకాళ్ళ కోసం ఒక్కటే కాదయ్యా. అక్కడ మంచం వేసుకుందామని కూడా. అడిగితే ఒప్పుకోవని అడగలేదు. తప్పు నాదే. తిను."

చేప పైకొచ్చింది, గింజ దగ్గర ఆగింది, చూసింది, కిందికి పోయింది. ఈలోగా వంటింట్లో పాలు పొంగిన వాసన వచ్చింది. వెళ్ళి స్టవ్ కట్టేసి వచ్చేసరికి గింజ లేదు. తిన్నదో, మునిగిందో. ఫోన్ లైటు వేసి రాళ్ళ మధ్యన అంతా వెతికింది. ఎక్కడా కనపళ్ళేదు.

ఆ తర్వాత చేప కోలుకుంది. నీలం తిరిగొచ్చింది. నీళ్ళ మీద సన్నటి నురగ బుడగలు కూడా కడుతోంది, అలా కట్టిందంటే చోటు నచ్చినట్టేనన్నాడు ఉమామహేశ్. అతనొస్తే వేలి మీంచే గింజ అందుకుంటుంది. చౌడేశ్వరి చూస్తుండగా మాత్రం ముట్టదు. నీ నీడ పడుతోందేమో, పక్కకి నిలబడు అన్నాడు. పక్కకి నిలబడినా తినలేదు.

కారణం ఆవిడ వెతకడం మానేసింది. ఆ పంతొమ్మిది రోజులూ కూడా ఇంతే కదా. కంచంలో అన్నం పెట్టి నేల మీద ఉంచి, ఆవిడ వంటింట్లోకి వెళ్ళిపోతేనే ఆయనొచ్చి కూర్చునేవాడు. ఈ మాట మరిదికి కూడా చెప్పలేదు.

ఇప్పుడు రోజూ రెండు గింజలు వేసి వంటింట్లోకి వెళ్ళి, గోడకేసి తిరిగి నిలబడుతుంది. హాల్లో నీళ్ళు టప్‌మన్న చిన్న చప్పుడు వినపడేదాకా ఊపిరి బిగబట్టి ఉంటుంది. వినపడ్డాక కూడా వెంటనే రాదు. ఆయన పూర్తిగా తినాలి కదా అని ఇంకాసేపు అక్కడే నిలబడుతుంది.